మేస్త్రీవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "అయిపోద్ది బాబుగారూ. శ్రావణంలో పాలు పొంగించేద్దురు గానీ, ఇంకో లక్ష చూడండి."

ప్రతిపదార్థం: బాబుగారూ = ఓ గృహస్థుడా (గృహం ఇంకా లేదు గనుక సాహసప్రయోగం); అయిపోద్ది = పూర్తి కాగలదు (కర్త లోపించింది; అయిపోయేది ఇల్లా, డబ్బా అన్నచోట వ్యాఖ్యాతలకు పొత్తు కుదరలేదు); శ్రావణంలో = శ్రావణమాసమందు (ఏ ఏటిదో చెప్పలేదు); పాలు పొంగించేద్దురు గానీ = గృహప్రవేశం చేయుదురు గాక; ఇంకో లక్ష = లోగడ ఇచ్చినవి గాక మరొక లక్ష; చూడండి = ఇవ్వండి. ధాతువు దర్శనార్థకమే గానీ మేస్త్రీల వాడుకలో దానార్థకం.

టీక: మెదకు సీమవాడైన మల్లినాథసూరి కాళిదాసును వ్యాఖ్యానించాడు గానీ స్లాబ్ పోయించినట్టు దాఖలా లేదు. కనుక ఈ భారం మాపై పడింది. గృహస్థుడు మొదట మూడు కోరాడు: ఆషాఢం వెళ్ళగానే దిగాలి, బ్యాంకు లోను దాటకూడదు, పని గట్టిగా ఉండాలి. ఇంతవరకూ ఎలాగో నడిచేది. పునాది లేచాక ఇంట్లోవాళ్ళు "ఎలాగూ స్లాబ్ వేస్తున్నాం కదా, పైన ఒక గది" అన్నారు. ఈ "ఎలాగూ" వ్యాకరణంలో అవ్యయం. ఇంటి పద్దులో ఇంతకంటే వ్యయం తెచ్చే మాట లేదు.

పూర్వపక్షం: కూలీలను రెట్టింపు చేస్తే రోజులు సగం కావా?

సిద్ధాంతం: గోడలకూ రంగులకూ కొంతవరకు అవుతాయి, ఆ లక్ష పెడితే ఇంకో బ్యాచ్ దిగుతుంది. కాంక్రీటుకు కావు. దాని బలాన్ని 28 రోజులకు లెక్కకడతారు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబ్ కింద ఆసరాలు 14 రోజులు కదపకూడదు. ఆరు మీటర్లు దాటిన దూలం కింద 21. తడిపి ఉంచడం, అనగా క్యూరింగ్, మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీకి 10. పదిమంది పైపులు పట్టుకు నిలబడ్డా ఆ పది రోజులు ఒక్కరోజు కావు.

తేదీ, డబ్బు, గది మూడూ బిగుసుకుంటే కోత పడేది కంటికి ఆననిదానికి. టైల్స్ నాసివైతే చుట్టాలే చెబుతారు. క్యూరింగ్ తగ్గిన సంగతి ఏ చుట్టం చెబుతాడు? స్లాబ్ మీద మడులు కట్టి నీళ్ళు నిలిపారో లేదో చూడ్డానికి ఎండలో నిచ్చెనెక్కిన గృహస్థులు అరుదు. మా దృష్టిలో వాళ్ళే ధన్యులు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో "ఇంకో రెండు లక్షలు" అని ఉంది. ఇల్లు కట్టినవారు దీన్నే ప్రమాణంగా తీసుకుంటారు.

అలంకారం: భావికం. జరగబోయేదాన్ని కళ్ళెదుట జరుగుతున్నట్టు చెప్పడం.

తాత్పర్యం: ఓ బాబుగారూ! పైగది మానుకుంటే శ్రావణంలో దిగవచ్చు. గది కావాలంటే కార్తీకం దాకా ఆగండి. గదీ శ్రావణమూ రెండూ కావాలంటే లక్ష చూడండి, ఆపైన దేవుడి దయ. అన్నీ కావాలి, లక్ష మాత్రం ఇవ్వను అంటారా, స్లాబ్ మీద నీళ్ళు నాలుగో రోజుకే ఆపించేస్తాను, ఆ మాట మీతో అనను అని మేస్త్రీ భావము.