స్పానర్ మామ

తమిళనాడులోని కరిసల్ అనే నల్లరేగడి సీమలో తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళోనూ ఒక స్పానర్ మామ ఉంటాడు. మా పుదూరులో ఉన్నాడు, నాగలాపురంలో ఉన్నాడు, ఇటు కోవిల్‌పట్టి దాకా, అటు విరుదునగరం దాకా ఏ వీధిలో వెతికినా దొరుకుతాడు. మీసం మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, మనిషి మాత్రం అదే మనిషి. అరవై దాటి ఉంటాయి. లుంగీ మోకాళ్ళ పైకి మడిచి ఉంటుంది. వాకిట్లో వేపచెట్టు కింద ఒక పాత మారుతి 800 ఉంటుంది. దాని మీద మెకానిక్కు చెయ్యి పడనివ్వనని మామ వ్రతం పట్టి ఉంటాడు.

దీన్ని పిసినారితనం అనుకుంటే పొరపాటు. సామాను కొనేటప్పుడు మామ బేరం కూడా ఆడడు, మంచి కంపెనీదే కావాలంటాడు. తన కారు కడుపులో ఏముందో పరాయివాడికి తెలియడమే ఆయనకు గిట్టదు. అడిగితే చరిత్ర తీస్తాడు. "మనవాళ్ళు ఉత్తరం దిక్కు నించి బండ్లు కట్టుకోని ఈడికి వొచ్చిరి గదా, దోవలో ఏ మెకానిక్కును పిలిచిరి?" ఆ వలస కథనే ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' అని తమిళంలో నవలగా రాశారు. మామ దాన్ని చదివింది లేదు గానీ, అందులో తన ముత్తాత బండి కూడా ఉందని ఒట్టేసి చెప్తాడు.

ఆ ముత్తాత బండే అన్నిటికీ మూలం. దానికి ఒక ఇరుసు, రెండు కడచీలలు, ఆముదంలో మసి కలిపి నూరిన కందెన. చక్రం కీచుమంటే కడచీల పీకి, కందెన మెత్తి, చీల మళ్ళీ కొట్టేవాళ్ళు. కారు చక్రమైనా చక్రమే కదా అని మామ సిద్ధాంతం. ఇరుసు మీద గుండ్లు దొర్లించే ఉపాయానికి, అంటే ఇప్పటి బేరింగుకు, 1794లోనే వేల్స్ దేశంలో కార్మార్థెన్ ఊరి ఫిలిప్ వాన్ పేటెంటు తీసుకున్నాడు, అదీ గుర్రబ్బండి కోసమే. ఆ కాలంలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు మా వైపుకి వేరే రకం గుండ్లు పంపించారు. అవి పాంచాలంకురిచ్చి కోట గోడల మీద పడ్డాయి. ఆ కోట పాలెగాడు, మన తెలుగు కట్టబొమ్మన్ని 1799లో కయత్తారులో ఉరితీశారు. దొర్లే గుండ్లు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. ఈ ఆలస్యానికి కూడా మామ కంపెనీనే తిడతాడు.

ఇక జబ్బు సంగతి. ఐప్పసి నెల వానల్లో నల్లరేగడి బురద చక్రాలకు పట్టుకుంటే పార పెట్టి గీకాల్సిందే. ఆ తడి, ఆ దుమ్ము సీలు దాటి లోపలికి పోతే బేరింగు ఆయుష్షు తీరినట్టే. ముందు చక్రంలో గుంయ్‌మని మొదలవుతుంది. నలభైలో సన్నగా వినిపిస్తుంది, అరవైకి పోతే మాట వినపడనివ్వదు. ఆ రోజు నుంచి మామకు దానగుణం పుట్టుకొస్తుంది. బస్టాండులో ఎవరు నిలబడినా పిలిచి కారెక్కించుకుంటాడు. ఆయనకు కావలసింది వాళ్ళ చెవులు. విళాత్తికుళం రోడ్డు ఖాళీగా కనిపించగానే బండిని కుడికి ఒక ఊపు, ఎడమకు ఒక ఊపు ఊపుతాడు. "యా పక్క తిప్పితే ఎచ్చుగా మోగతా ఉండాదో చెప్పు!" ఎదురొచ్చే టీవీఎస్ వాడు ఈయన తాగి ఉన్నాడని పక్కకు దిగిపోతాడు. నిజానికి శాస్త్రం మామ పక్షమే. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే చెడింది ఎడమ బేరింగే.

ఈ మనిషిలో విశేషం ఇదే. ఆయనకు తెలియక కాదు, నూటికి తొంభై పాళ్ళు తెలుసు. బ్రేకు క్యాలిపర్ విప్పినప్పుడు గొట్టం మీద వేలాడదీయకుండా కరెంటు తీగతో స్ప్రింగుకు కడతాడు. బోల్టులను విప్పిన వరసలోనే అత్త ముగ్గు వేసిన గడప మీద పేర్చిపెడతాడు. అత్త కూడా ఏమీ అనదు. ఆ వారం ముగ్గే మానేస్తుంది. చిక్కంతా మిగిలిన పది పాళ్ళతో.

మొదటి పాలు యాక్సిల్ నట్టు. చక్రం నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కించి దాన్ని వదులు చెయ్యాలి. మామ ముందు జాకీ ఎక్కిస్తాడు. తర్వాత స్పానర్ తిప్పితే చక్రం కూడా చక్కగా దానితో పాటు తిరుగుతుంది. మళ్ళీ దించుతాడు. ఆ సైజు సాకెట్టు ఆయన పెట్టెలో ఉండదు, ట్రాక్టరు వాళ్ళింటి నుంచి రావాలి. దాని పిడికి బోరు పైపు తొడుగుతారు. పైపు కొనను నలుగురు పట్టుకుంటారు, పది మంది సలహా చెప్తారు. వాళ్ళలో రిటైరైన లారీ డ్రైవరు ఒకాయన తప్పకుండా ఉంటాడు. "మా కాలంలో…" అని మొదలుపెట్టి ఆ మాట పూర్తి చెయ్యడు, నట్టు ఊడేదాకా.

రెండో పాలు బేరింగు కూర్చోబెట్టడం. చక్రాన్ని మోసే నక్కిల్‌లోకి అది వేలితో నెడితే జారిపోయేది కాదు. బిగుతే దాని ప్రాణం. చల్లబరిస్తే ఉక్కు కుంచించుకుంటుందని ఎవరో చెప్పారు. అదీ నిజమే. అరవై మిల్లీమీటర్ల బేరింగును మా ఎండలోంచి తీసి ఫ్రీజర్లో పెడితే వెంట్రుక మందంలో దాదాపు సగం తగ్గుతుంది. ఆ సగమే చాలు. అందుకని మనవడి ఐస్‌క్రీము బయటికొస్తుంది, బేరింగు లోపలికి పోతుంది. "బిడ్డ ఏడస్తా ఉండాడు, దాన్ని తియ్యి" అని అత్త అంటే, "వాడు రేపు నవ్వతాడు, ఇది ఈ పొద్దే నవ్వాల" అంటాడు. తీరా పొద్దున దాన్ని పట్టుకొని వంటింటి నుంచి వేపచెట్టు దాకా వస్తూ, దోవలో అడిగిన ప్రతివాడికీ చూపించి వివరిస్తాడు. చిత్తిర నెల ఎండ. చెట్టు చేరేసరికి బేరింగు మళ్ళీ లావైపోయి ఉంటుంది.

అప్పుడు సుత్తి వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. కొట్టాలంటే బయటి రింగు మీదే, చుట్టూ సమంగా కొట్టాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి, అవి దొర్లే దారిలో కంటికి కనిపించని గుంటలు పెడుతుంది. కొత్త బేరింగు పాత పాటే పాడుతుంది. మామకు అందుబాటులో ఉండేది లోపలి రింగు. ఆయన దాన్నే కొడతాడు.

ఆ మధ్యాహ్నం కోవిల్‌పట్టి బస్సులో కిటికీ పక్కన గోనెసంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది మన మామే. సంచిలో నక్కిల్, ఇంకో కొత్త బేరింగుకు డబ్బు. లేత్ పట్టరైలో కుర్రవాడు హైడ్రాలిక్ ప్రెస్సు కింద దాన్ని నిలబెట్టి, మామ తన సిద్ధాంతం సగం చెప్పేలోపే నొక్కేసి, సర్‌క్లిప్ వేసి చేతిలో పెడతాడు. మామ నోరు అక్కడ ఆగుతుంది. తిరుగు బస్సులో మళ్ళీ తెరుచుకుంటుంది. "పని అంతా నేనే చేస్తిని. వాడు ఊరికే ఒక నొక్కు నొక్కినాడు."

నా తీర్పు అడిగితే, మామ చెప్పింది అబద్ధం కాదు. విప్పింది ఆయనే, బిగించింది ఆయనే. కొత్త యాక్సిల్ నట్టు వేసి, దాని అంచును గాడిలోకి వంచి కొట్టిందీ ఆయనే. ఆ ఒక్క నొక్కు కోసం అంత యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఎవరికీ కుదరదు. ఆ నొక్కును మొదటి రోజే పట్టరైకి వదిలేసి ఉంటే రెండో బేరింగు డబ్బు మిగిలేది, మనవడి ఐస్‌క్రీము కరిగేది కాదు.

మీ వీధిలోనూ ఇట్లాంటి మామ ఉంటే ఆయన్ను మానిపించాలని చూడొద్దు, మానడు. ఆయన బండి కింద దూరే ముందు ఒక గట్టి స్టాండు తెచ్చి పెట్టండి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం వెయ్యండి. జాకీ బండిని ఎత్తుతుంది, అంతే. దాన్నొక్కదాన్నే నమ్మి ఎవరినీ కింద పడుకోనివ్వకండి.