మెటీరియల్

దరఖాస్తు మొదటి పేజీలోనే మా డైరెక్టర్ చూపు ఒక మాట దగ్గర ఆగిపోయింది.

“ఓపెన్ డిగ్రీయా అమ్మా?”

“అవును సార్. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఎమ్మే గూడ అండ్లనే.”

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ ఇచ్చే సంస్థ మాది. నేను అక్కడ పదకొండేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. ఇంకో చరిత్ర ఫ్యాకల్టీ కావాలని ప్రకటన ఇస్తే నల్లగొండ జిల్లా నుంచి వచ్చిందామె. పదో తరగతి కాగానే పెళ్లి చేశారు. ఇంటర్ లేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరింది. వారమంతా పత్తి చేలో పని, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి స్టడీ సెంటర్‌కు.

డైరెక్టర్ నా వైపు వంగి, “ఫీజు కట్టేవాళ్లు ఒప్పుకుంటారా సార్?” అన్నారు, ఆమెకు వినపడేలాగే.

నాకు కష్టమనిపించింది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా అది మొదలైనప్పుడు దేశంలో అలాంటిది మరొకటి లేదు. ఇగ్నో వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు. దాని తొలి వైస్ ఛాన్సలర్‌గా కూడా ఇక్కడి తొలి వీసీ జి. రాంరెడ్డి గారినే తీసుకెళ్లారు. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ గడప తొక్కనివాళ్లను, ఉద్యోగం వదల్లేనివాళ్లను, చంకలో బిడ్డ ఉన్న తల్లులను పిలిచి డిగ్రీ చదివించిన చోటు అది. ఫీజు తక్కువ గనక చదువూ తక్కువేనని మనవాళ్లు తేల్చేశారు. ఇదంతా నాకు తెలుసు. ఆ గదిలో ఒక్క ముక్క కూడా పైకి అనలేదు.

“సరే, డెమో ఇవ్వండి” అంటూ డైరెక్టర్ స్పైరల్ బైండింగ్ చేసిన మా మెటీరియల్‌ను ఆమె ముందుకు తోశారు. కాకతీయుల పాఠం.

ఆమె దాన్ని తెరవలేదు. బోర్డు మీద మూడు మాటలు రాసింది: గుడి, చెరువు, ఊరు. పాలంపేట నుంచి ఎత్తుకుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి దగ్గరే అంత చెరువు ఎందుకుందో చెప్పింది. పొలం పారితేనే గుడిలో దీపం వెలుగుతుందంది. పాకాల, లక్నవరం చెరువుల కింద ఇవాళ్టికీ నాట్లు పడుతున్న సంగతి చెప్పి, వాళ్ల ఊళ్లో తూము తెరిచే నీరటిని కళ్లకు కట్టి, అక్కడి నుంచి చెరువు తవ్వించినవాడికి దక్కే దశబంధంలోకి వెళ్లింది. ఇన్నేళ్లలో దశబంధం నేనెప్పుడూ అంత తేటగా చెప్పలేకపోయాను. వినడానికి కూర్చోబెట్టిన నలుగురు పిల్లలు అడగకుండానే నోట్సు రాసుకున్నారు.

డైరెక్టర్ గడియారం చూసుకున్నారు.

“బాగానే చెప్పావమ్మా. కానీ మా స్టాండర్డ్ వేరు. ఓపెన్‌లో చదివినవాళ్లకు ఇలాంటి మెటీరియల్ దొరకదు కదా. ఇది తీసుకెళ్లు. ఓ నెల బాగా చదువుకుని రా, అప్పుడు చూద్దాం. పిల్లలకు రెండు వేలు తీసుకుంటాం, నీకు ఊరికే ఇస్తున్నా.”

ఆమె రెండు చేతులా అందుకుంది. నాలుగు పేజీలు తిప్పింది. పాఠం చివరి ప్రశ్నల దగ్గర వేలు ఆగింది. వెనక్కి, మొదటి పేజీకి వెళ్లింది. ‘కూర్పు’ అని, దాని కింద నా పేరు. తలెత్తి ఒకసారి నన్ను చూసింది.

తర్వాత దాన్ని మెల్లగా మూసి, డైరెక్టర్ ముందు పెట్టింది.

“వద్దు సార్. ఇది మా డిగ్రీ పుస్తకమే. నా దానికి అట్ట గూడ ఉన్నది.”