నాణేల మాస్టారు

ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటారు. పునాదులు తవ్వేటప్పుడో, అటక దులిపేటప్పుడో పాత నాణెం దొరికితే జనం ఆయన గడపే తొక్కుతారు. సాధారణంగా రిటైరైన లెక్కల మాస్టారై ఉంటారు. జేబులో భూతద్దం, సొరుగులో బంగారం తూచే బుల్లి కాటా.

వచ్చినవాడు రుమాలు విప్పుతూనే “ఎంతొస్తుంది మాస్టారూ?” అంటాడు. ఆయన నాణేన్ని అంచులతో పట్టుకుని ముందు వాసన చూస్తారు.

“చింతపండుతో తోమావా?”

“నల్లగా ఉందని మా ఆవిడ కాస్త...”

“ఆ నలుపు పట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుసా నీకు?”

పోయిన నలుపుకి పది నిమిషాల సంతాపసభ. ఆ తర్వాతే తూకం.

యూరప్ నాణెమైతే మాస్టారికి పండగే. మనవాడు విక్టోరియా రూపాయి చూసిన కళ్లతో ఇటు తిప్పీ అటు తిప్పీ విలువ కోసం వెతుకుతాడు. ఉంటేగా! ఆస్ట్రియాను ఏలిన మరియా థెరీసా వెండి థాలర్ మీద రాణిగారి నిండైన బొమ్మ, వెనక రెండు తలల గద్ద, చుట్టూ లాటిన్ బిరుదులు, 1780 అన్న ఏడు ఉంటాయి. విలువ మాత్రం ఎక్కడా ఉండదు. వెండినీ తూకాన్నీ చూసి పుచ్చుకునే కాలంలో అంకెతో ఎవరికి పని? 28 గ్రాములు, నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. “థాలరే” అంటారు మాస్టారు, బిడ్డకు పేరు పెట్టినంత సంబరంగా.

“అమ్మో, 1780 నాటిదా!”

“ఏమో, మీ తాతగారి కాలంలో బొంబాయిలో కొట్టిందీ కావచ్చు.”

వచ్చినవాడి మొహంలో నెత్తురు చుక్క ఉండదు. రాణి పోయింది 1780లో. ఎర్రసముద్రం చుట్టుపక్కల వర్తకులు ఆ ముఖమూ ఆ ఏడూ ఉన్న నాణేన్నే నమ్మేవారు కనుక, అదే అచ్చుతో వియన్నాలోనూ రోమ్‌లోనూ లండన్‌లోనూ కొడుతూనే వచ్చారు. 1940 ప్రాంతంలో బొంబాయి టంకశాల కూడా కొట్టింది. ఇదంతా మాస్టారు రాణిగారి వేలువిడిచిన మేనమామలా చెబుతారు.

ఓ కుర్రాడు అంతకన్నా చిన్న ఆస్ట్రియా వెండి బిళ్ల తెచ్చాడు. “రోమన్ అంకెల్లో పదిహేడని ఉంది, పదిహేడో శతాబ్దమండీ!”

“శతాబ్దం కాదురా, విలువ. పదిహేడు క్రాయిట్సర్లు.”

“పదో ఇరవయ్యో ఉంటుందిగానీ పదిహేడేమిటండీ?”

“ఏడు క్రాయిట్సర్ల బిళ్ల కూడా ఉండేది. ఆ దేశంలో చిల్లర లెక్కపెట్టిన ప్రతివాడికీ నేను నూటికి నూరు వేస్తాను.”

ఇన్ని చెప్పిన మనిషి ధర మాత్రం చెప్పరు. అడిగితే ముద్ర అరుగుదల అంటారు, అంచు మీది అక్షరాలంటారు. నన్నడిగితే, ధర చెప్పేస్తే వచ్చినవాడు లేచి వెళ్లిపోతాడని ఆయన భయం. విసిగినవాడు తిన్నగా కంసాలి దగ్గరికెళ్తాడు. ఆయన అర నిమిషంలో వెండి రేటు కట్టి డబ్బు చేతిలో పెడతాడు.

మర్నాడు దుకాణం తలుపులు తీసేసరికి మాస్టారు మెట్ల మీదే ఉంటారు. ఆ నాణేన్ని ఎంతని అడక్కుండా కొనేస్తారు.