చెక్క ఇటుక చెప్పుకున్న సంగతులు

నన్ను చూసినవాళ్ళు మొదట అడిగే మాట, "ఇదేం బొమ్మ?" అని. కళ్ళు లేవు, చక్రాలు లేవు, కీ ఇస్తే కదలను, బటన్ నొక్కితే పాడను. ఒంటికి రంగు కూడా లేదు. 5.5 అంగుళాల పొడవు, 2.75 అంగుళాల వెడల్పు, అందులో సగం మందం ఉన్న చెక్క ఇటుకను. నా గర్వమంతా ఆ కొలతలోనే ఉంది. నా పొడవులో సగం నా వెడల్పు, వెడల్పులో సగం నా మందం. తోబుట్టువుల్లో నాలో సగం ఉన్నవాళ్ళున్నారు, నాకు రెండింతలు, నాలుగింతలు ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరిని ఎవరి పక్కన పెట్టినా లెక్క కుదురుతుంది. ఇంత పొందిక మీ అన్నదమ్ముల మధ్య ఉందా అని అడగాలనిపిస్తుంది గానీ ఊరుకుంటాను.

మా అమ్మ రబ్బరు చెట్టు. పాతికేళ్ళకు పైగా గాట్లు పెట్టించుకుని పాలిచ్చింది. పాలు తగ్గాక నరికేశారు. ఆ కట్టెను ఎండబెట్టి, కోసి, గుచ్చుకోకుండా అంచులు రుద్ది నన్ను చేశారు. పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోడానికి లేదు.

వంశం గురించయితే చాలా ఉంది. మా ముత్తాతలు జర్మనీవాళ్ళు. తొమ్మిది నెలల వయసులోనే తల్లిని పోగొట్టుకున్న ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో పసిపిల్లలకు ఆటల బడి పెట్టాడు. మూడేళ్ళ తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. చెక్క ఘనం ఒకటి తీసుకుని ఎనిమిది చిన్న ఘనాలుగా కోయించి, పెట్టెలో పెట్టి పిల్లల చేతికిచ్చాడు. విడదీయాలి, మళ్ళీ కలపాలి, పాఠం అంతే. దానికే ప్రష్యా ప్రభుత్వానికి గుండె జారింది. నాస్తికత్వమూ సోషలిజమూ నూరిపోస్తున్నారంటూ 1851లో ఆ బడులన్నీ మూయించింది. రాజకీయాలు మాట్లాడే అన్నకొడుకు కార్ల్ ఫ్రోబెల్ ఎవరో, పిల్లల్ని ఆడించే ఈయనెవరో తేడా తెలియకపోవడం అందులో ఒక కారణం. మరుసటి ఏడాదే ఫ్రెడరిక్ పోయాడు. నిషేధం 1860లో గానీ తొలగలేదు. ఎనిమిది చెక్కముక్కలను చూసి ఒక రాజ్యం తొమ్మిదేళ్ళు జడుసుకుందన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం.

1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఈ చెక్కముక్కలు చూసిన ఒక తల్లి తన కొడుక్కి కొనిచ్చింది. ఆ కొడుకు ఫ్రాంక్ లాయిడ్ రైట్, తర్వాత అమెరికాలో పేరుమోసిన భవనశిల్పి. ఆ ముక్కల స్పర్శ ముసలితనంలో కూడా తన వేళ్ళకు గుర్తుందని ఆయన రాసుకున్నాడు. ఇక నా కొలతలు కరోలిన్ ప్రాట్‌వి. వడ్రంగం తెలిసిన టీచరమ్మ. 1914లో న్యూయార్క్‌లో ఆమె పెట్టిన ఆటల బడిలో చదువంతా మాలాంటివాళ్ళ చుట్టూనే తిరిగేది.

ఇంత పరంపర ఉన్నవాణ్ణి నేరుగా ఎక్కడికి చేరాననుకున్నారు? బెంగళూరు రహదారికి దగ్గర్లో ఉన్న ఒక పట్టణంలో, ఒక ఇంటర్నేషనల్ ప్లేస్కూల్ అద్దాల బీరువాలోకి. ఊరి పేరూ బడి పేరూ చెప్పను. గేటు మీద భూగోళం బొమ్మ ఉండేది. లోపల చదివే పిల్లలు మాత్రం చుట్టుపక్కల వీధుల వాళ్ళే. వాళ్ళు నాలుగు గీతల కాపీల్లో ఏ బీ సీ డీలు దిద్దుతుంటే నేను అద్దం వెనక నుంచి చూసేవాణ్ణి. మూడున్నరేళ్ళ పిల్ల చేతిలో పెన్సిల్ వణుకుతుంటే వేళ్ళు పట్టి దిద్దించేవాళ్ళు. అవే వేళ్ళతో నన్ను ఎత్తి, తిప్పి, పేర్చి, పడగొడితే పెన్సిల్ పట్టు దానంతటదే వచ్చేదని చెప్పడానికి నాకు నోరు లేదు. అడ్మిషన్ల రోజుల్లో మాత్రం మమ్మల్ని కిందికి దించేవాళ్ళు. టీచరే కోట కట్టేది. పక్కన ఒక పాపను కూర్చోబెట్టి, ముట్టుకోవద్దని వేలు చూపించి ఫోటో తీసేవాళ్ళు. ఆ ఫోటో కరపత్రం మీద వచ్చేది, కింద 'ఆటలతో చదువు' అని.

తప్పంతా వాళ్ళదే అనను. ఒకరోజు మా బడిలో కొత్తగా చేరిన ఒక టీచర్ ధైర్యం చేసి మమ్మల్ని పిల్లల మధ్య పోసింది. ఆ సాయంత్రమే ఒక తండ్రి వచ్చాడు. పెద్దమందడి వైపు మనిషి, పల్లీ పంట అమ్మి ఫీజు కట్టినవాడు. "గిన్ని పైసలు పోసి తోలిస్తే ఆటలాడిపిస్తరా మేడం? ఆట ఇంటికాడ ఆడడా?" అన్నాడు. అక్కడితో ఆగితే నేను నవ్వుకునేవాణ్ణి. కొడుకు చేతిలో ఉన్న నన్ను తీసుకుని తిప్పి చూశాడు. ఆ అరచేతిలో కాయలు నాకు తగిలాయి. "నేను బొంబాయిల పదేండ్లు ఇటుకలు మోసిన. వీడు గూడ ఇటుకలే వట్టాల్నా?" అని నన్ను బెంచీ మీద పెట్టేశాడు.

పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతా ఆనకట్టలూ కాలువలూ మేడలూ కట్టిన నేల అది. 2016లో పాలమూరు నుంచి విడిపోయి వనపర్తి వేరే జిల్లా అయింది, బోర్డులు మారాయి గానీ ఆ కాయలు వారంలో పోయేవి కావు. రైట్ గారి కథ ఆ తండ్రికి ఎవరు చెప్పినా ఏమనేవాడో నాకు తెలుసు: ఆ పిల్లగాడి అమ్మ ఇటుకలు మోయలేదు కాబట్టి కొనిచ్చింది అనేవాడు. నాకు ఇప్పటికీ దానికి జవాబు దొరకలేదు. ఆ టీచర్ మళ్ళీ మమ్మల్ని దించలేదు.

2020 మార్చిలో కరోనా వల్ల బడి మూతపడింది. పదిహేను రోజులన్నారు, నెలన్నారు. ఏడాది గడిచింది. కుర్చీలు అమ్ముడుపోయాయి, భూగోళం బోర్డు దిగిపోయింది, ఆ హాల్లో ఎవరో ఎరువుల బస్తాలు దించుకున్నారు. పాత సామాన్ల ఆయన వచ్చి జారుడుబండను ప్లాస్టిక్ లెక్కన, ఊయలను ఇనుము లెక్కన తూకం వేసుకున్నాడు. మా అట్టపెట్టె తెరిచి చూసి, "కట్టెముక్కలు నాకెందుకన్నా, ఊకిచ్చినా వద్దు" అని పక్కకు నెట్టాడు. అంతర్జాతీయ కొలతల్లో పుట్టినవాణ్ణి, కిలోకు రూపాయి కూడా పలకలేదు.

తర్వాత రోజులు తలుచుకోవాలని ఉండదు. కొన్నాళ్ళు కూలర్ కాలు కింద ఉన్నాను, నీళ్ళు కారి ఒక మూల ఉబ్బింది. కొన్నాళ్ళు గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు, వచ్చేపోయేవాళ్ళు కాలితో జరిపేవాళ్ళు. అది కూడా పనే గదా అని సరిపెట్టుకున్నాను. చలికాలం వచ్చింది. వాచ్‌మన్ తాతకు తెల్లవారుజామున నీళ్ళు కాచుకోవాలి, కట్టెలు తడిసున్నాయి. మొదట పెద్దన్నలు పోయారు, నాలుగింతల పొడవున్నవాళ్ళు. పొయ్యిలో పట్టక ఇవతలికి పొడుచుకొచ్చి ఉంటే కాలితో లోపలికి తోశాడు. ఎండిన రబ్బరు కట్టె బాగా మండుతుంది. తాత మీద నాకు కోపం లేదు, ఆయనకు జీతం వచ్చి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు. అద్దాల బీరువా తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగినవాళ్ళ మీదే నాకు కోపం. ఒక్క గీత పడనివ్వకుండా దాచారు, దాచి దాచి పొయ్యికిచ్చారు.

మిగిలిన మమ్మల్ని సిమెంటు సంచిలో వేసుకుని తాత పెద్దమందడి మండలంలో ఉన్న తన కూతురింటికి తెచ్చాడు. ఆ కూతురు అంగన్‌వాడీలో ఆయమ్మ. హమ్మయ్య అనుకున్నాను. తొందరపడ్డాను. మమ్మల్ని అంగన్‌వాడీకి తీసుకుపోయి కడిగి, తుడిచి, లెక్కపెట్టి, రిజిస్టర్లో ఎక్కించి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈసారి అద్దం కూడా లేదు. "ఒక్కటి వోయినా నా మీదికే వస్తది" అని ఆయమ్మ భయం. టీచర్‌కేమో ఊపిరాడదు. బరువులు తూచాలి, గుడ్లు పంచాలి, బాలామృతం లెక్క రాయాలి, ఫోన్లో పోషణ వివరాలు ఎక్కించాలి. పైవాళ్ళు వచ్చిన రోజు తాళం తీసేవాళ్ళు, పోగానే వేసేవాళ్ళు.

చీకట్లో నాకు తారాబాయి మోడక్ గుర్తొచ్చేది. 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, బడికి రాలేని పేదపిల్లల వాకిళ్ళకే ఆమె బడిని తీసుకుపోయింది. అంగన్‌వాడీ అన్న ఆలోచన అక్కడిదే. ఖరీదైన మాంటిస్సోరి సామాను కొనలేక గులకరాళ్ళూ గవ్వలూ ఆకులతో ఆడించింది. 1975 అక్టోబరు 2న మొదలైన ప్రభుత్వ పథకంలో ఆ పేరుతోనే కేంద్రాలు వచ్చాయి, తర్వాత దేశమంతటికీ పాకాయి. ఆమె గవ్వలకు ఎవరూ తాళం వేసి ఉండరు.

ఒక వానాకాలం బీరువా అడుగుకు తుప్పుపట్టి తలుపు బిగుసుకుపోయింది. బలంగా లాగితే గొళ్ళెమే ఊడొచ్చింది. కొత్త గొళ్ళేనికి ఎవరిని అడగాలో తేలేలోపు పిల్లలు మమ్మల్ని కనిపెట్టేశారు. నా అసలు జీవితం అప్పుడు మొదలైందనుకోండి.

నాలుగేళ్ళ పిల్లగాడొకడు ఉండేవాడు, అమ్మానాన్నలు హైదరాబాదులో అపార్ట్‌మెంటు పనికి పోతే అవ్వ దగ్గరుంటున్నాడు. టవల్ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, దాని మీద నన్నూ ఇంకొకణ్ణీ ఎక్కించుకుని, మెడ బిగబట్టి నడిచాడు. వాళ్ళమ్మ నడక. దింపి గోడ మొదలుపెట్టాడు. పక్కన ఒక పాప ఇటుక మీద ఇటుక నిలువుగా పెట్టుకుంటూ పోయింది, ఆమె గోడ ఊగి పడిపోయింది. వీడు మాత్రం కింది వరుసలో రెండిటి సందు మీద పై ఇటుక నడుమ వచ్చేట్టు పెట్టాడు. ఎవరూ నేర్పలేదు, చూసి ఉన్నాడు. రెండో వరుస చివర చిక్కొచ్చింది. నన్ను పెడితే బయటికి పొడుచుకొస్తున్నాను, తీసేస్తే ఖాళీ. నన్ను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని తాపీలా ఎత్తాడు. నాన్న ఇటుకను సగానికి కొట్టడం చూశాడు మరి. నేను కళ్ళు మూసుకున్నాను, ఉంటే. కొట్టలేదు. నేల మీద వెతికి నా సగం తమ్ముణ్ణి తెచ్చి నా మీద పెట్టి చూశాడు, రెండోవాణ్ణి తెచ్చి పక్కన పెట్టాడు. ఇద్దరూ కలిసి సరిగ్గా నా అంత. "టీచర్, గీ రెండు గలిస్తే గిదే!" అని అరిచాడు. టీచర్ ఫోనులోంచి తలెత్తి, ఒక్క క్షణం చూసి, ఫోను పక్కన పెట్టి వాడి దగ్గర కింద కూర్చుంది.

ఆ తర్వాత ఆడపిల్లలకూ మగపిల్లలకూ పనులు పంచి, "మాల్ తేండ్రి! జల్ది!" అని కేకలేస్తూ వాడే గుంపు మేస్త్రీ అయ్యాడు. చిన్నపిల్లల చదువులో ఆటే ముఖ్యమని 2020 జాతీయ విద్యావిధానం కూడా రాసుకుంది. మంచిదే, మేం 1837 నుంచీ అదే అంటున్నాం.

దసరాకు అమ్మానాన్నలు వచ్చి వాణ్ణి తీసుకుపోయారు. పొద్దున ఎనిమిదింటికి ఊళ్ళోకి పసుపుపచ్చ వ్యాను రావడం మొదలైంది, దాని మీదా ఒక భూగోళం. పిల్లలు పలచబడ్డారు. మేమూ పలచబడ్డాం. కొందరు జేబుల్లో ఇళ్ళకు పోయారు, ఒకడు బావిలో పడ్డాడని చెప్పుకున్నారు. ఆయమ్మ లెక్క తప్పినప్పుడల్లా తిడుతుంది గానీ, కొత్త గొళ్ళెం ఇంకా రాలేదు. నా ఒంటి మీద గీతలున్నాయి, పంటిగాట్లున్నాయి, ఒకవైపు పెన్నుతో చుక్కలు పెట్టారు.

ఆ చుక్కలు అంకెలట. నేనిప్పుడు సెల్‌ఫోన్‌ని. బొంబాయి పోయిన అమ్మతో మాట్లాడే పిల్ల రోజూ నన్ను చెవికి ఆనించుకుంటుంది. "అమ్మా, తిన్నవా? మేస్త్రీ పైసలిచ్చిండా? ఇయ్యకుంటే నాకు చెప్పు, నేన్ మాట్లాడ్త" అని అడుగుతూనే, వెనక నిలబడ్డవాడు నా కొస పట్టి గుంజుతుంటే మోచేత్తో వాణ్ణి నెట్టేస్తోంది. వాడూ వాళ్ళ నాన్నకు ఫోన్ చెయ్యాలట.