ఆడిటరు గారూ, ఒక్క గంట!

మన ఊళ్లలో పన్ను లెక్కలు చూసే ప్రతివాడూ ఆడిటరు గారే. సీఏ పాసైనా, గ్రూపు దగ్గరే ఆగిపోయినా, సేల్స్‌టాక్స్ ప్రాక్టీషనరుగా మొదలెట్టి జీఎస్టీ ప్రాక్టీషనరుగా తేలినా, మెట్లెక్కి వచ్చే షావుకారుకి ఆ తేడాలు పట్టవు. బెజవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో, మందుల షాపు పక్క సందులోంచి మేడ మెట్లెక్కితే ఆయన కనిపిస్తాడు. నాకు తెలిసిన అలాంటి పదిమందిని కరిగించి పోతపోస్తే ఈ కింది మనిషి తయారయ్యాడు. ఇందులో తమ పోలికలు కనిపించినవాళ్లు దయచేసి మిగతా తొమ్మిదిమందినీ అనుమానించాలని మనవి.

ఈయనకి ఈమధ్య కొత్త గిరాకీ వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లు కట్టేవాళ్లకి ఒక జ్ఞానోదయం అయింది: కట్టేశాక జనం తిట్టేదాకా ఆగకుండా, కట్టేటప్పుడే నలుగురిని కూర్చోబెట్టి వాడించి చూడాలని. యూజబిలిటీ టెస్టు అంటారు. వచ్చినవాడికి ఒక పని చెప్పి, ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ దిక్కులు చూశాడో పక్కన కూర్చుని రాసుకుంటారు. సాయం మాత్రం చెయ్యకూడదు. మరి పన్నుల సైటుకి ఎవరిని పిలవాలి? పన్ను కట్టేవాడు ఏడాదికోసారి మొహం చూపిస్తాడు. ఆడిటరు గారు రోజూ వస్తాడు, వందలమంది తరఫున వస్తాడు. అందుకని మెళ్లో ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ నిండా స్టిక్కర్లతో హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు ఆడిటర్లను పోగుచెయ్యడానికి బయల్దేరతాడు. ఐదుగురితో టెస్టు చేస్తే చాలు, లోపాలు చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ అనే ఆయన 2000లోనే రాశాడు. ఐదుగురేగా, ఒక పూటలో దొరుకుతారని కుర్రాడి ధీమా. నీల్సన్ గవర్నర్‌పేట రాలేదు.

మొదటి ప్రయత్నం టాక్స్ బార్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో. "ప్రభుత్వ వెబ్‌సైటు మెరుగుదల నిమిత్తం ఒక గంట సమయం ఇవ్వగల సభ్యులు పేర్లు తెలుపగలరు" అని అధ్యక్షులవారు ఫార్వర్డ్ చేస్తారు. దాని కింద వరసగా నాలుగు దణ్ణాలు, రెండు బొటనవేళ్లు, ఒక శుభోదయం, "డేట్ ఎక్స్‌టెన్షన్ ఏమన్నా ఉందా?" అని ఒక ప్రశ్న పడతాయి. పేరు మాత్రం పడదు. ఇక ఫోన్లే గతి.

"సార్, ఒక్క గంట చాలు."

"ఏ తారీఖు?"

"వచ్చే ఏడున?"

"ఏడున టీడీఎస్ కట్టాలి బాబూ."

"పోనీ పదిన?"

"వృత్తి పన్ను."

"పదకొండు?"

"జీఎస్టీఆర్ వన్."

"పదమూడు?"

"మూణ్ణెల్లకోసారి వేసేవాళ్ల జీఎస్టీఆర్ వన్."

"పదిహేను?"

"పీఎఫ్, ఈఎస్ఐ. జూను, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి అయితే అడ్వాన్సు టాక్సు కూడానూ."

"ఇరవై?"

అవతల చప్పుడు లేదు. 20వ తారీఖు జీఎస్టీఆర్ త్రీబీ. ఆ సంగతి కూడా విప్పి చెప్పించుకునేవాడితో ఆయనకి మాటల్లేవు.

ఆయన గోడ మీద వెంకట్రామా క్యాలెండరు ఉంటుంది. ఏకాదశులూ వర్జ్యాలూ ఎక్కడివక్కడే ఉండగా, వాటి మీద ఎర్ర ఇంకుతో ఈ గడువులన్నీ చుట్టి ఉంటాయి. సొంత మేనకోడలి పెళ్లికి పురోహితుడు పెట్టిన ముహూర్తాన్ని త్రీబీకి అడ్డమొస్తోందని తిప్పికొట్టిన ఘనత ఆ క్యాలెండరుది. చిన్న డీలర్ల గొడవ 22నో 25నో తేలిపోయాక, ఎట్టకేలకు 26న ఒక గంట ఖాయమైంది.

నన్నడిగితే, 26న పెట్టిన టెస్టు టెస్టే కాదు. ఆ రోజు సైటు ఖాళీగా ఉంటుంది, ఆయన కడుపు నిండా తిని ఉంటాడు. 20 రాత్రి పదకొండింటికి చూడాలి. అప్పుడు సైటు సైటు కాదు, ఆయన ఆయన కాదు. చక్రం తిరుగుతూ ఉంటుంది. ఓటీపీ కోసం క్లయింటుకి ఫోను చేస్తే తీయడు. ఆ క్లయింటు సకుటుంబంగా తిరుమలలో క్యూలో ఉంటాడు, ఫోను కౌంటర్లో డిపాజిట్ అయి ఉంటుంది. ఓటీపీ ఆ కౌంటర్లో ఒంటరిగా పుట్టి, ఎవరూ చూడకుండానే కాలం చేస్తుంది. టెస్టులో అలా జరగదు. ఓటీపీ ఫలానా అని కుర్రాడు ముందే చీటీ మీద రాసి చేతిలో పెడతాడు. అంత సుఖమైన ఓటీపీని ఆడిటరు గారు జన్మలో చూసి ఉండడు.

వచ్చినందుకు కృతజ్ఞతగా వెయ్యి రూపాయల గిఫ్ట్ ఓచరు ఇస్తామన్నారు. ఆయన సంతోషించే ముందు ఆలోచించాడు. "దీని మీద టీడీఎస్ కోస్తారా? వృత్తిలో వచ్చిన బెనిఫిట్ కిందికి వస్తుంది. ఇరవై వేలు దాటితే పాత చట్టంలో 194ఆర్, పది శాతం. దాటలేదు కాబట్టి కొయ్యకూడదు. కోస్తే మాత్రం నేనొప్పుకోను." కుర్రాడికి ఓచరు ఇవ్వడం తెలుసుగానీ దానికో సెక్షను ఉందని తెలీదు. తరవాత సమ్మతి పత్రం. స్క్రీన్ రికార్డు చేస్తామని, పేరు బయటపెట్టమని నాలుగు పేజీలు. సాధారణంగా అందరూ చివరి పేజీ తిప్పి సంతకం పెడతారు. ఈయన మొదటి పేజీ నుంచి చదివి, రెండో పేజీలో ఒక కామా కొట్టేసి, మూడో పేజీలో "నా హక్కులకు భంగం లేకుండా" అని చేర్చి, ప్రతి పేజీకీ పొట్టి సంతకం చేసి స్టాంపు వేశాడు. స్టాంపు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

"మేం మిమ్మల్ని పరీక్షించట్లేదు సార్, సైటుని పరీక్షిస్తున్నాం. తప్పూ ఒప్పూ ఏం ఉండవు" అన్నాడు కుర్రాడు. ఈ మాట ప్రపంచమంతటా ఇలాంటి టెస్టుల ముందు చెబుతారు, మనిషి బెరుకు పోవాలని. కానీ ఇరవై ఏళ్ల వయసునించీ పరీక్షలతోనే కాపురం చేసినవాడికి తప్పూ ఒప్పూ ఉండవనడమే అనుమానంగా ఉంటుంది. "నెగటివ్ మార్కులున్నాయా?" అన్నాడు. లేవన్నా నమ్మినట్టు కనపడలేదు.

పని ఇచ్చారు. "రాముడనే ఉద్యోగి ఉన్నాడనుకోండి. జీతం తొమ్మిది లక్షలు. అతని తరఫున రిటర్ను వెయ్యండి. వేస్తూ మీ మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి."

ఆడిటరు గారు కుర్చీ వెనక్కి జరిపి అడిగాడు. "రాముడికి ఇంటి లోను ఉందా?"

"అది... ఉందో లేదో మనకి అనవసరం సార్."

"అనవసరమేమిటి? పాత పద్ధతా కొత్త పద్ధతా తేల్చుకోవాలా వద్దా? కొత్తదానిలో పన్నెండు లక్షల దాకా పన్నే పడదు. షేర్లేమన్నా అమ్మాడా? ఊళ్లో పొలం ఉందా? పెళ్లాం పేరున ఫిక్సుడు డిపాజిట్లున్నాయా? ఉంటే ఇప్పుడే చెప్పమను, తరవాత నోటీసొస్తే నా దగ్గరికే వస్తాడు." పావుగంట గడిచింది. రాముడి ఆర్థిక పరిస్థితి చక్కబడింది. సైటు ఇంకా తెరుచుకోలేదు.

తెరిచాక అసలు సంగతి తెలిసింది. ఆయన చేతులు మౌసు దగ్గరికి పోలేదు. ఏళ్ల తరబడి ఆయన అలవాటు కుర్చీ వెనక నిలబడి, కూర్చున్న జూనియర్ అమ్మాయికి చెప్పడం. అదే అలవాటున కుర్రాడికి చెప్పడం మొదలెట్టాడు. "పైనుంచి మూడోది నొక్కు. కిందికి లాగు. ఇంకా. ఎర్రగా ఏదో వస్తుంది, పట్టించుకోకు, మళ్లీ నొక్కు. సేవ్ కొట్టు. కాలేదంటుంది. అయ్యుంటుంది. బ్యాక్ మాత్రం నొక్కకు, నొక్కావో మొత్తం పోతుంది. లాగౌట్ చేసి మళ్లీ లోపలికెళ్లు. లాగౌట్ చెయ్యకుండా మూసేస్తే డ్యూయల్ లాగిన్ అని తగువు పెట్టుకుంటుంది." ఇదంతా కళ్లు మూసుకుని చెప్పాడు. నిజంగానే మూసుకున్నాడు.

సాయం చెయ్యకూడదన్న నియమం కుర్రాణ్ణి కట్టేసింది. "మీరే నొక్కాలి సార్" అని వేడుకున్నాడు. నొక్కాడు. ఇది కొత్త నమూనా సైటు, పైనుంచి మూడోదాన్ని నొక్కితే హెల్ప్ తెరుచుకుంది. తన వృత్తిజీవితంలో మొట్టమొదటిసారి ఆడిటరు గారు హెల్ప్ పేజీ చూశాడు. కంగారుగా మూసేశాడు.

"ఆ ఎర్ర అక్షరాల్లో ఏం రాసుందో చదివారా సార్?"

"చదవడమెందుకు బాబూ? ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే పోతుంది. అప్పటికీ పోకపోతే సెల్ హాట్‌స్పాట్. అప్పటికీ పోకపోతే తెల్లారుజామున నాలుగింటికి చెయ్యాలి." కుర్రాడు శ్రద్ధగా రాసుకున్నాడు. మనసులో అనుకున్నది పైకి చెప్పమంటే మాత్రం ఆయన చెప్పలేదు. సైటు ఆగిపోయినప్పుడల్లా మనసులో ఆయన ఏమనుకుంటాడో జూనియర్ అమ్మాయికి తెలుసు. రికార్డింగులో పెట్టదగ్గది కాదు.

నలభై నిమిషాల తరవాత రాముడి రిటర్ను సగంలో ఉండగా టైమైపోయింది. ఆఖరి ప్రశ్న: ఈ సైటు వాడటం ఎంత సులువుగా ఉంది, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులెయ్యండి. ఆడిటరు గారు నిదానంగా ఐదు వేశాడు. "పెద్ద కష్టమేం కాదు."

కుర్రాడు తెల్లబోయాడుగానీ నాకు ఆశ్చర్యం కలగలేదు. ఊరందరికీ కొరుకుడుపడనిది తనకి పడుతుందన్న పేరు మీదే ఆయన ఆఫీసు అద్దె కడుతున్నాడు. పాతికేళ్ల కుర్రాడి ముందు "ఇది నాకు కష్టంగా ఉందయ్యా" అని ఎలా అంటాడు? సైటు కష్టంగా ఉందని ఆయన ఎన్నడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన ఫిర్యాదంతా మార్చేశారని. కృష్ణా జిల్లా పెద్దలు 77 ఉప్పెన గురించి చెప్పే గొంతుతో ఆయన 2021 జూన్ 7 గురించి చెబుతాడు. కొత్త ఆదాయపన్ను పోర్టల్ వచ్చిన రోజది. 4,242 కోట్ల ప్రాజెక్టు తెరుచుకోకపోతే ఆర్థికమంత్రే ట్విట్టర్‌లో, దాన్ని కట్టిన ఇన్ఫోసిస్ నందన్ నీలేకనిని పిలిచి అడిగింది, ఆగస్టులో ఆ కంపెనీ సీఈఓని ఢిల్లీ పిలిపించింది. "మంత్రి గారికే లాగిన్ బాధ తప్పలేదు, నేనెంత" అంటాడు. ఆ కష్టం నేర్చుకుని, జీర్ణించుకుని, ఇప్పుడు దాన్ని సొంత ఆస్తిగా చూసుకుంటున్నాడు. జీఎస్టీ కూడా అంతే. అది 2017 జూలై 1న వచ్చింది. జూలై 1 సీఏల పండగరోజు కూడా, వాళ్ల సంస్థ 1949లో పుట్టింది ఆ రోజే. సంస్థ పుట్టినరోజుకి సర్కారు ఇచ్చిన కానుకని ఇప్పటికీ విప్పుతూనే ఉన్నాడు.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా తెచ్చిన ఆదాయపన్ను చట్టం, 2025 ఆయన్ని ఇంకో దెబ్బ కొట్టింది. సెక్షన్ల నంబర్లు మారడం ఒక ఎత్తు. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ తీసేసి ఒక్క టాక్స్ ఇయర్ పెట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండు సంవత్సరాల తేడాని కాగితం మీద రెండు డబ్బాలు గీసి క్లయింటుకి వివరించడం ఆయన ఆఫీసులో జరిగే ముఖ్యమైన క్రతువు. విన్నవాడికి అర్థమయ్యేది కాదు, గౌరవం పెరిగేది.

సైటు సులువైపోతే ఈయన గతేంటని జాలిపడేవాళ్లున్నారు. అక్కర్లేదు. ఇప్పుడు జీతం, బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు రిటర్నులో ముందే నింపి ఉంటున్నాయి. 2021 నవంబరు నుంచి ఏఐఎస్ అని ఒకటొచ్చి, మనం మరిచిపోయిన షేర్ల అమ్మకాన్ని కూడా గుర్తుచేస్తోంది. అయినా ఆయన గుమ్మం ముందు చెప్పుల జతలు పెరిగాయే తప్ప తగ్గలేదు. "ఇవన్నీ వాళ్లకెలా తెలిశాయండీ?" అని భయపడి వస్తున్నారు. రేపు నోటీసొస్తే వేలెత్తి చూపడానికి ఒక మనిషి కావాలి, ఫోన్లో కసిరినా సరే ధైర్యం చెప్పేవాడు కావాలి. ముందే నింపిన ఫారం కసరదు.

టెస్టయ్యాక సూచనలు రాసిమ్మంటే లెటర్‌హెడ్ మీద 17 అంశాలతో మహజరు ఇచ్చాడు. జీఎస్టీ రిటర్నుకి రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు ఎత్తెయ్యాలి. సున్నా రిటర్నుకి 20 అయినా ఎందుకు? గడువు పొడిగించదల్చుకుంటే ముందే చెప్పాలి, 2025లో ఆదాయపన్ను రిటర్నులకి చేసినట్టు సెప్టెంబరు 15 అర్ధరాత్రి ముంచుకొచ్చాక ఒక్క రోజు పొడిగిస్తే నిద్రపోయినవాడి గతేంటి? ఇలా 16 వెళ్లాయి, అన్నీ పార్లమెంటు దాకా పోవాల్సినవే. 17వది ఒక్కటే సైటు గురించి: డౌన్‌లోడ్ బటన్ అట్టడుగున ఉంది, పైకి తెస్తే బాగుండును. కుర్రాడు దాని చుట్టూ ఆనందంగా గీత గీసుకున్నాడు.

కొన్ని నెలలకి ఆ సైటు కొత్త రూపంలో వచ్చింది. సరిగ్గా గడువుకి రెండ్రోజుల ముందు.

"సార్, కింద డౌన్‌లోడ్ బటన్ కనపట్టం లేదండీ" అంది జూనియర్ అమ్మాయి.

"సరిగ్గా చూడమ్మా, అట్టడుక్కి లాగు."

"లాగానండీ. లేదు."

ఆయన లేచొచ్చి, కళ్లజోడు సర్దుకుని, అట్టడుగున వెతికాడు. లేదు. "ఏసీ గదుల్లో కూర్చుని ఇష్టమొచ్చినట్టు మార్చిపారేస్తారు! రోజూ చచ్చేవాళ్లని పిలిచి ఒక్క మాట అడగొచ్చుగా?"

"పైన పెట్టారు సార్" అంది అమ్మాయి.

ఆ నెల బిల్లు చూసి షావుకారు ఫోను చేశాడు. "ఐదొందలు ఎక్కువేశారేం ఆడిటరు గారూ?"

"పోర్టల్ మార్చారు కదండీ."