కర్నూల్ల చూసొచ్చినాయన

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్: ఈ మూడు ఊళ్లలో ఏ వాడలో వాకబు చేసినా ఒక పెద్దమనిషి దొరుకుతాడు. వయసు అరవై దాటి ఉంటుంది. సినిమా మాట ఎత్తితే చాలు, కళ్లు సగం మూసి, తల వెనక్కి వాల్చి, "ఆ, చూసిన" అంటాడు. ఆ రెండు ముక్కల మీదే ఆయన పడుచుతనమంతా దర్జాగా గడిచింది. ఊరికొక పేరు, వాడకొక ఇంటిపేరు. జాతి మాత్రం ఒక్కటే. చూసొచ్చినాయన.

ఈ జాతిని పుట్టించింది ప్రింట్ల కరువు. మూడు గంటల బొమ్మంటే దాదాపు 16,000 అడుగుల ఫిలిం. ఒక్కో కాపీ తీయించాలంటే నిర్మాతకు చేతిచమురు వదిలేది. అందుకని కొద్ది ప్రింట్లే తీసి ముందు పెద్ద ఊళ్లకు పంపేవాళ్లు. అక్కడ ఆడి ఆడి, గీతలు పడి, తెగినచోటల్లా అతుకులు పడి, ఆ పెట్టె మన ఊరి బస్టాండులో దిగేసరికి పాటలు జనానికి పాతబడిపోయేవి. దీనికి తోడు సినిమా వ్యాపారానికి వేరే పటం ఒకటుంది. తుంగభద్రకు ఇటు నైజాం, అటు సీడెడ్. నడిగడ్డలో ఉన్న గద్వాల నైజాముకు చిట్టచివరి అంచు. ఏరు దాటితే కర్నూలు, సీడెడ్‌లో పెద్ద సెంటరు. అక్కడ మొదటి రోజే పడిన బొమ్మ గద్వాలకు రావాలంటే పంట చేతికొచ్చినంత కాలం పట్టేది. ఈ సందులోంచే మనవాడు పుట్టుకొచ్చాడు.

కర్నూలు పోవడానికి ఆయనకు ఎప్పుడూ ఒక గట్టి కారణం ఉండేది: బాయి మోటారు. కాలిపోయిన మోటారుకు వైండింగ్ చేయించాలంటే కర్నూలే పోవాలని ఇంట్లో నమ్మించాడు. ఎన్టీఆర్ బొమ్మ పడినప్పుడల్లా ఆ మోటారు ఎందుకు కాలుతుందో తండ్రికి అంతుపట్టేది కాదు. వైండింగ్ అయ్యేలోపు మార్నింగ్ షో, మ్యాటినీ రెండూ అయ్యేవి.

పోయేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు బస్సు దిగే తీరే వేరు. మర్నాడు పొద్దున హోటల్ ముందు బల్ల మీద కూర్చుంటే చుట్టూ పదిమంది మూగేవాళ్లు.

"ఎట్లుంది మామా?"

జవాబు రాదు. టీ రావాలి. టీ వచ్చినంక ఊదుకుంటూ, "ఏం చెప్పమంటవ్ రా..." అని మొదలుపెడతాడు. ఒక టీకి ఇంటర్వెల్ దాకా. సెకండాఫ్‌కు ఇంకో టీ, దాంతో ఉస్మానియా బిస్కెట్లు. క్లైమాక్సుకు సిగరెట్టు. ఈ ధరల పట్టిక ఎవరూ రాసి పెట్టలేదు, ఎవరూ బేరమాడలేదు.

1977 సంక్రాంతికి 'దానవీరశూర కర్ణ' వచ్చింది. భారతం కథ ఎవరికి తెలియదు? ఇక ఈయన చెప్పడానికి ఏముందిలే అనుకున్నారు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. అది సరే గానీ, దుర్యోధనునికి డ్యూయెట్ ఉంది" అన్నాడు. హోటలంతా నవ్వింది. పూజారి గారైతే భారతంలో అటువంటిది లేదని బల్ల గుద్ది చెప్పారు. బొమ్మ ఊరికొచ్చాక పూజారి గారే చివరి బెంచీలో కూర్చుని ఆ డ్యూయెట్ చూశారు. అప్పట్నుంచి చూసొచ్చినాయన మాటకు ఎదురులేదు. దగ్గర దగ్గర నాలుగు గంటల ఆ సినిమాకు ఇంకో ఇబ్బంది ఉండేది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆఖరు బస్సు అందుకోవాలంటే కురుక్షేత్రాన్ని మధ్యలో వదిలి లేవాలి. మిగిలిన యుద్ధం మర్నాడు పాలు పోయడానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర వినిపోయేవాళ్లు.

అసలు విద్య హాల్లో బయటపడేది. చూసిన బొమ్మే అయినా ఊరికి రాగానే మళ్లీ చూసేవాడు. మైకులో ఘంటసాల గొంతున వెంకటేశ్వరుని పాట మొదలైందంటే టికెట్లు ఇస్తున్నట్టు లెక్క. జనం కిటికీ సందులో చేతులు దూర్చి పెనుగులాడుతుంటే ఈయన గేటు దగ్గర తాపీగా బుడ్డలు ఒలుచుకుంటూ నిలబడేవాడు. టికెట్టు తెచ్చేవాళ్లు, బెంచీలో తువ్వాల వేసి జాగా ఆపేవాళ్లు వేరే ఉండేవాళ్లు మరి. లోపల ఫ్యాన్ల గోల, పిల్లల ఏడుపు, బొంగురుపోయిన స్పీకర్లు. తెర మీద ఎవరు ఏమంటున్నారో సగం వినపడదు. ఆ సగం ఆయనే అందించేవాడు. బాల్కనీ వాళ్లు "నోరు మూయవయ్యా" అంటే, బెంచీ వాళ్లు "నువ్వు చెప్పు మామా" అనేవాళ్లు.

నేలలో ఆయన కాళ్ల దగ్గరే ఒక అవ్వ కూర్చునేది.

"తలుపు ఎనకాల ఉన్నడు సూడు అవ్వా, కత్తి పట్టుకొని."

"అయ్యో, ఆ పిల్లకు తెల్వదా?"

"తెల్వదు. నీళ్లకని ఇప్పుడు లోపలికి పోతది."

"పోవద్దని చెప్పరాదూ నాయనా!"

ఆయన ఎట్లా చెప్తాడు? పిల్ల పోనే పోయింది, ప్రాణం విడువనే విడిచింది. సరిగ్గా అప్పుడే రీలు అయిపోయి లైట్లు వెలిగాయి. ఒకటే మిషనున్న హాలు కాబట్టి చుట్ట మార్చే దాకా ఆగాలి. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని ఇటు తిరిగింది. "ముందే తెల్సి కూడా ఊకున్నవ్ గదరా! ఆడపిల్లలున్న కొంపేనా నీది?" అని నలుగురిలో దులిపేసింది. బెంచీలన్నీ ఆయన్నే చూశాయి. కత్తి పట్టుకున్న విలన్‌ను కూడా ఎవరూ అంత కోపంగా చూడలేదు. చూసొచ్చినాయన తల దించుకున్నది ఆ ఒక్కసారే.

పక్క ఊరి హాలుతో కలిపి ఒకే ప్రింటు ఆడించే రోజులూ ఉండేవి. అక్కడ ఆడిన రీళ్లు మోపెడ్ మీద ఇక్కడికి రావాలి. మోపెడ్ పంచరైతే హీరో చెట్టుకు కట్టేసి ఉండగానే తెర తెల్లబోయేది. ఈలలు, కేకలు, బెంచీల దరువు. అప్పుడు గేటు కీపరే వచ్చి బతిమిలాడేవాడు: "జర తరువాతిది చెప్పు మామా, కుర్చీలు ఇరుగుతున్నయ్." ఆయన నిలబడి హీరో కట్లు విప్పేసేవాడు. రీలు వచ్చినంక చూస్తే ఫైటింగు ఆయన చెప్పినంత బాగా ఉండేది కాదు.

జాతి ఒకటే అయినా ఊరు ఊరికీ వాసి ఉంది. గద్వాలాయన తీరు కవిత్వం. సంస్థానం రోజుల్లో పండితులను సత్కరించి విద్వద్గద్వాల అనిపించుకున్న ఊరు కదా, ఈయన కూడా సన్నివేశానికి ముందు వర్ణన, తరువాతే కథ. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ నడిచింది. కాబట్టి అక్కడి చూసొచ్చినాయన విద్యార్థి నాయకుడు. 1989లో 'శివ' చూసొచ్చి, సైకిల్ చైను ఎట్లా లాగాలో హాస్టల్ ముందు చేసి చూపించాడు. హీరో చేతిలోకి ఊడి వచ్చింది గానీ ఈయన చేతికి గ్రీజే మిగిలింది. మిత్రుని సైకిలు మాత్రం రిపేరుకు పోయింది.

నాగర్‌కర్నూలాయనది చరిత్ర శాఖ. 'రుద్రమదేవి' 2015లో వచ్చినప్పుడు అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డిని చూసి జనం ఈలలు వేస్తుంటే ఈయన ఇంటి మనిషిని చూసినట్టు చూశాడు. గోన వారి వర్ధమానపురం ఇప్పటి నంది వడ్డెమానే మరి. "మనోడే. ఆ గుర్రం మన తావులనే తిరిగింది. ఒక్కమాట నన్ను అడిగివుంటే ఇంకా మంచిగ చెప్తుంటి" అని డైరెక్టరు తరఫున నొచ్చుకున్నాడు.

అయితే అప్పటికే ఆయన రాజ్యం పోయింది. ఫిలిం డబ్బాల కాలం చెల్లి డిజిటల్ వచ్చింది. హైదరాబాదు, కర్నూలు, గద్వాల అన్నిట్లో ఒకే శుక్రవారం, ఒకే పొద్దున బొమ్మ పడుతోంది. ఎవరికన్నా ముందు చూసే వీలే లేదు. ఇంటర్వెల్‌లోనే పోరగాండ్లు ఫోను ముందు నిలబడి సినిమా పాసో ఫెయిలో తేల్చేస్తున్నారు, అదీ టీ కూడా తాగకుండా. పాత హాళ్లు కొన్ని ఫంక్షన్ హాళ్లయ్యాయి. ఒకప్పుడు ఈలలు వేసిన చోటే పెళ్లి భోజనం చేస్తూ, "స్క్రీన్ ఇగో, పెరుగు గిన్నె ఉన్నకాడ ఉండె" అని పక్క విస్తరి వానికి చెబుతాడు. వాడు పెరుగు వడ్డించుకుంటాడు.

మొన్న మనవడు కొత్త బొమ్మకు తోలుకపోయాడు. ఏసీ హాలు, వెనక్కి వాలే కుర్చీ, ప్రతి మాటా స్పష్టం. ఆయనకు చేయడానికి పనే లేదు. పావుగంట ఓపిక పట్టి, మెల్లగా మొదలుపెట్టాడు. "ఆ తెల్లబట్టలాయన మంచోడు కాదు. హీరో తండ్రిని సంపింది వాడే. ఇంటర్వెల్‌కు గొడ్డలి దిగుతది సూడు." దిగింది. తండ్రిని చంపింది వాడేనని కూడా తేలింది.

మనవడు నోరు తెరిచాడు. "తాతా, నువ్వు ఎప్పుడు చూసొచ్చినవ్?"

"1983ల, కర్నూల్ల."

వెనక వరుసలోని పిల్లగాడొకడు ముందుకు వంగాడు. "తాతా, సెకండాఫ్ ఎట్లుంటదో జర చెప్పవా? బాగలేకుంటే ఇప్పుడే లేచి పోతం."

చూసొచ్చినాయన కళ్లు సగం మూసుకున్నాడు. తల వెనక్కి వాలింది, ఈసారి కుర్చీ కూడా సహకరించింది.

"ఈడ టీ ఎంత రా?"