నీటిచుక్కకు ప్రాయశ్చిత్తము

కారునకు నీటితో స్నానము చేయించి, ఆ నీరు మిగిల్చిన మరకలను పోగొట్టుటకై రసాయనముతో మరియొక స్నానము చేయించి, ఆ రసాయనమువలన మాసిన మెరుపును తెప్పించుటకై యంత్రముతో రబ్బింగు పట్టించి, పట్టించినచోట పలుచనైన పొరను కాపాడుటకై వేరొక పూత పూయించి, ఆ పూతపై మరల నీరు పోయించి, ఆ నీటిని తుడువక ఎండకు విడిచిపెట్టుట: ఇదియే నేడు మన నగరములలో వాహనసంరక్షణమను పేర నిర్విఘ్నముగా సాగుచున్న క్రతువు. ఇందు ఋత్విక్కులు కలరు, ద్రవ్యములు కలవు, దక్షిణ కలదు. అవభృథము మాత్రము ఎన్నటికిని రాదు. ఏలయనగా ముగిసినచోటనే ఇది మరల మొదలగుచుండును.

ఇంతకును ఈ మరక యనునదేమో మొదట చూతము. హైదరాబాదు గుట్టరాతిపై వెలసిన నగరము. ఆ రాతిపగుళ్ళలో చిరకాలము నిలిచిన నీరు రాతినుండియు మట్టినుండియు కాల్షియమును మెగ్నీషియమును కరగించుకొని, బోరుగొట్టము వెంట పైకి వచ్చి, జనులచేత ఉప్పునీళ్ళని పిలువబడుచు, బకెట్టునకు తెల్లని పొరను, గీజరునకు పెచ్చును, స్నానము చేసినవారి తలకు పీచుదనమును ప్రసాదించుచున్నది. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములకు మించరాదనియు, గత్యంతరము లేనిచోట 600 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థవారు ఐఎస్ 10500లో నిర్ణయించియున్నారు. శివార్లలో 500 చూపెడి బోరులు అరుదేమియు కావు. ఈ నీటిబొట్టు కారుపై ఆరిపోవునప్పుడు అందలి కాల్షియము బైకార్బనేటు తన బొగ్గుపులుసు వాయువును గాలికి విడిచి, కరగని కార్బనేటై, అనగా సున్నపురాయియై, అచటనే కూర్చుండును. అరకు త్రోవలోని బొర్రా గుహలయందు పైకప్పునుండి వ్రేలాడు శిలాకృతులును ఈ క్రియచేతనే పుట్టినవి. అచట టిక్కెట్టు కొని, గైడు చూపిన రాతిలో శివుని దర్శించి చేతులు జోడించిన గృహస్థుడే, ఆ లీల తన బానెట్టుపై సూక్ష్మరూపమున సాక్షాత్కరించినంతనే గుండెలు బాదుకొనుచున్నాడు.

శత్రువు బలమెంతయో లెక్కకట్టుట కష్టము కాదు. కడిగిన పిమ్మట కారుమేన అరలీటరు నీరు మిగిలినదనుకొందము. 500 కాఠిన్యము గల నీరైనచో అది వదలిపోవు సున్నము పావుగ్రాము. తాంబూలప్రియురాలైన ముసలమ్మ చూపుడువ్రేలి కొనతో తమలపాకునకు రాచెడి సున్నము ఇంచుమించుగ ఇంతియే. ఈ పావుగ్రాముపై దండెత్తుటకు మన కారుశాలలవారు సమకూర్చిన సేనావాహినిని చూచినచో కురుక్షేత్రము చిన్నబోవును.

మరకను మించి భయమును అమ్మినగాని వ్యాపారము సాగదు గనుక, నీటిబొట్టు భూతద్దమై సూర్యకిరణములను కూడగట్టి రంగును కాల్చివేయునను సిద్ధాంతమొకటి ప్రతి శాలయందును వల్లింపబడుచున్నది. చదునైన తలముపై బోర్లించినట్లుండు బొట్టునకు కిరణములు కూడెడి తావు ఆ తలమునకు క్రిందెక్కడనో పడునే గాని తలముపై పడదు. 2010లో హంగరీ దేశపు శాస్త్రజ్ఞులు ఆకులపై నీటిబొట్లనుంచి పరీక్షించి, నునుపైన ఆకు వానివలన కాలదని తేల్చిరి. ఎండ చేయు అపకారము వేరు: మేనెలలో డెబ్బది డిగ్రీలకు కాగిన నల్లని బానెట్టుపై నీరు నిమిషములలో ఇగిరిపోయి, లవణములు చిక్కబడి, పైపొరను కొరుకనారంభించును. అయినను సూర్యుని నిందించుటలో నొక సౌకర్యము కలదు. ఆయన తిరిగి మాటాడడు.

ఇక ఈ క్రతువునకు మూలమంత్రమైన సిరామిక్ కోటింగును, దాని బీజాక్షరమైన 9హెచ్‌ను కొంత నిదానముగా పరిశీలింపవలసియున్నది. ఇరువది వేలు మొదలు ఏబది వేల వరకు దక్షిణ పుచ్చుకొని శాలాధిపతి చెప్పెడి మాట యేమనగా, వజ్రము పది, మా పూత తొమ్మిది, నడుమ వేరొకటి లేదు, అని. వజ్రమునకు పది యిచ్చిన కొలమానము 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అను జర్మను ఖనిజవేత్త పది ఖనిజములతో కూర్చినది. అందు తొమ్మిదవది కురువిందము. పూతవారి తొమ్మిది ఆ తొమ్మిది కాదు. అది పెన్సిలుది. మన పిల్లలు డ్రాయింగు క్లాసునకు కొనిపోవు పెన్సిళ్ళపై వ్రాసియుండు హెచ్‌బీ, 2బీ, 4హెచ్ అను తరగతులలో చిట్టచివరి దానిని తీసికొని, ములుకును అడ్డముగ అరగదీసి, నలుబదియైదు డిగ్రీల కోణమున 750 గ్రాముల బరువుతో పూతపై త్రోయుదురు. గీత పడనిచో పూత 9హెచ్ అగును. అంతకన్న గట్టిది ఆ పెట్టెలో లేదు గనుక తొమ్మిదివద్ద నిలిచిపోయిరి గాని, దానికవతల వజ్రము నిలుచుండి కాదు. పెన్సిలు ములుకన్నచో గ్రాఫైటును బంకమట్టియు కలిపి కాల్చిన ముద్ద. మన వీథిదుమ్ములో నిండియున్న గుట్టరాతి ఇసుక, మోస్ మానమున ఏడు, ఈ పెన్సిలు విజేతను గీయునో గీయదో చదువరులే ఊహింతురుగాక. పైగా ఈ వజ్రకవచము మందము ఒకటి రెండు మైక్రానులకు మించుట అరుదు.

కవచము పెట్టించుకొన్నవానికి కలుగు ప్రథమానందము బొట్లను చూచుట. పూత నీటిని అంటనీయదు. నీరు ముత్యములై నిలుచును. యజమాని ఫోనుతో దానిని చిత్రించి బంధువులకెల్ల పంపును. ముత్యములు చూడ సొంపుగనే యుండును. కాని వాలుగానున్న అద్దమునుండి జారిపోయినట్లు చదునైన బానెట్టునుండియు పైకప్పునుండియు జారిపోక, పలుచగ పరచుకొనవలసిన నీరు అచ్చట గుండ్రని బొట్లుగ దిట్టమై నిలిచి, తనలోని సున్నమునంతను ఒక్క చోటనే కుమ్మరించును. కాఫీ ఒలికినచోట నడుమ లేతగాను అంచున ముదురుగాను మరక యేల పడునో షికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 1997లో వివరించిరి: బొట్టు అంచున త్వరగా ఆరును, ఆరిన లోటును పూరించుటకు లోపలి ద్రవము అంచునకు పరుగెత్తును, పోవుచు తనలోని కల్మషమును మోసికొనిపోవును. కారుపై సున్నపు ఉంగరములు పడుటయు ఈ రీతిగనే. కనుక నీటిమరకకు విరుగుడని కొన్న పూత, నీటిమరకలకు అచ్చుపోసిన మూసయై కూర్చున్నది. ఈ సంగతి శాలవారెరుగనిది కాదు. వారంటీ కాగితము వెనుకవైపున, చీమతలలంత అక్షరములతో, నీటిమరకలకు ఈ హామీ వర్తింపదని వ్రాసియుండుట పెక్కుచోట్ల కానవచ్చును.

శాలకు పోలేనివారికి గృహవైద్యము కలదు. అందు అగ్రస్థానము టూత్‌పేస్టుది. మన దేశపు తెల్లని పేస్టులు పెక్కింటిలో పండ్లను తోముటకు వేసెడి పొడి కాల్షియము కార్బనేటే. అనగా కాల్షియము కార్బనేటు మరకను పోగొట్టుటకై కాల్షియము కార్బనేటునే తెచ్చి రుద్దుచున్నారు. మరక కొంత అరుగును, రంగు మరికొంత అరుగును, సందులలో తెల్లని పేస్టు ఎండి మిగులును. ఇత్తడి బిందెలను చింతపండుతో తోమిన మన అమ్మమ్మలకు పులుపు సున్నమును కరగించునను రసాయనశాస్త్రము ఏ బోధనయు లేకయే తెలిసియుండెను. నూటికి నాలుగైదు పాళ్ళు ఆమ్లము గల వంటింటి వెనిగరును అంతే నీటిలో కలిపి, నీడలో, చల్లారిన కారుపై గుడ్డతో అద్ది, నిమిషమాగి, మంచినీటితో కడిగి తుడిచినచో క్రొత్త మరక పోవుచున్నది. ఖర్చు పది రూపాయలు దాటనందున కాబోలు, దీనిని ఎవ్వరును గౌరవింపరు.

అద్దము సంగతి వేరు, అచట హాస్యము చేయ మనసొప్పదు. నెలల తరబడి తుడువని అద్దముపై మరక కేవలము పైనుండక, గాజునే కొరికి గుంటపడును. రాత్రివేళ ఎదుటి లారీ దీపము దానిపై పడి వేయి తునకలగును. దీనికి సీరియము ఆక్సైడు పొడితో ఓపికగా సానపట్టుట తెలిసినవారి మార్గము. ఓపిక లేనివారు బాత్రూము కడిగెడి యాసిడ్ పోయుదురు. అంతకును తెగించినవారు పేరు లేని సీసాలలో నమ్మెడి ద్రావకములు కొందురు. వానిలో కొన్నింటియందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమో దాని లవణమో కలిసియుండును. ఆ ఆమ్లము గాజును కూడ కరగించును. చర్మముపై పడినప్పుడు తొలుత మంటయైనను తోపింపక లోనికి దిగి, శరీరములోని కాల్షియమును పట్టుకొనును. బానెట్టుపై సున్నమును వెదకుటకు బయలుదేరినది, కడిగెడి కుర్రవాని ఎముకలలోని సున్నమును వెదకుకొనునన్నమాట. వాని చేతికి తొడుగు లేదు. సీసాపై హెచ్చరిక లేదు. శాల గోడపై 9హెచ్ మాత్రము బంగారు అక్షరములతో వెలుగుచుండును.

ముదిరిన మరకకు రబ్బింగే గతి యందురు. నిజమే, పోవును. మరక పోవుట యనగా మరక కూర్చున్న పొర పోవుట. కారురంగుపై నుండు పారదర్శకపు పొర మందము సుమారు నలుబది ఏబది మైక్రానులు, తలవెండ్రుక కన్న పలుచన. రబ్బింగు పట్టించినప్పుడెల్ల అందు కొన్ని మైక్రానులు లేచిపోవును. ఆరు మాసములకొక పర్యాయము ఈ సేవ చేయించుకొను భక్తుడు తన కారు చర్మమును తానే సొమ్మిచ్చి ఒలిపించుకొనుచున్నాడు. ఒలిచినవాడు బయటికి సాగనంపుచు, ఇప్పుడు దీనికి కవచము అత్యవసరమండీ, అనుచున్నాడు.

బెంగళూరులో 2024 మార్చినెలలో నీటికరవు ముదిరినప్పుడు, త్రాగునీటితో కారు కడిగినవారికి ఐదువేల రూపాయల జరిమానా యని అచటి జలమండలివారు ప్రకటించిరి, మంచి పనియే. మన అపార్టుమెంట్లలోని జలపొదుపు వ్రతులు అంతకుముందే ఆర్వో యంత్రము విసర్జించిన నీటిని పట్టి కారులకు పోయించుచున్నారు. ఒక పాలు మంచినీరు తీసి మూడు పాళ్ళు వదలెడి యంత్రమైనచో, ఆ వదలిన నీటిలో లవణములు మూడవవంతు హెచ్చియుండును. పుణ్యము పుణ్యమే, చుక్కలు చుక్కలే.

ఈ శాస్త్రమంతటికిని ప్రతిగా నిలిచినది నీరు ఆరకమున్నే తుడిచెడి మైక్రోఫైబరు గుడ్డ యొక్కటి; ఖరీదు రెండు మూడు వందలు. సెల్లారులో తెల్లవారుజామున ఐదింటికి ఒకే బకెట్టుతో వరుసగా కారులు కడుగుచు పోవువానికి అది దొరకదు. కారునకు నెలకు కొన్ని వందలు వాని జీతము. అందులోనే సబ్బు, అందులోనే గుడ్డ. కోటింగునకు నలుబది వేలు పోసిన యజమాని, వాడు నూరు రూపాయలు హెచ్చు అడిగినచో అపార్టుమెంటు సంఘమున చర్చకు పెట్టును.

"సార్, గుడ్డ చినిగిపోయింది. మంచిదొకటి ఇప్పిస్తే తుడుస్త."

"గుడ్డ దేనికి? కోటింగ్ ఉంది కదా, నీళ్ళు నిలవవు. సరేలే, పాత చొక్కా ఏదన్న ఉంటది, మేడమ్‌నడిగి తీస్కో."

చొక్కా వచ్చినది, గుండీలతో సహా.